చవక టర్బో అసలు ఖరీదు

నెల్లూరు మీదుగా పోయే పదహారో నంబరు జాతీయ రహదారి మీద లోడు లారీ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజిన్ గర్జన మీద సన్నటి ఈల ఒకటి తేలుతుంది. డ్రైవరు కాలు నొక్కినకొద్దీ ఆ ఈల పైకి లేస్తుంది, కాలు తీయగానే దిగిపోతుంది. అది టర్బోచార్జర్ చప్పుడు. కృష్ణపట్నం రేవుకు వచ్చే పెద్ద ఓడల ఇంజిన్లలోనూ టర్బోనే ఉంటుంది, కాకపోతే అక్కడ అది మనిషంత ఎత్తు. తడ పక్కనున్న శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు తయారుచేస్తున్న డీజిల్ పికప్పుల్లోనూ అదే ఉంది.

ఇంత అలవాటైన వస్తువు కాబట్టే పాత పెట్రోలు కారున్న కుర్రాళ్లకు ఒక ఆశ పుడుతుంది. తుక్కు దుకాణంలో సెకండ్ హ్యాండ్ టర్బో ఒకటి పట్టుకుని, ఆటోనగర్‌లో నాలుగు వెల్డింగులు చేయించి బిగిస్తే, స్పోర్ట్స్ కారు లాగుడు సగటు కారుకు రాదా అని. వస్తుంది. అమెరికా, యూరప్, జపాన్ దేశాల్లో ఈ పని ఇంటి గ్యారేజీల్లోనే చేసి చూపించినవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఆ పని మొత్తంలో టర్బో కొనడమే అన్నిటికన్నా తేలిక. అసలు డబ్బు, అసలు తెలివి ఖర్చయ్యేది వేడి దగ్గర, పెట్రోలు దగ్గర, ఆయిల్ దగ్గర.

పొగ చేసే పని

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఇంజిన్‌లోకి పెట్రోలు ఎక్కువ పంపడం ఎంతసేపు? చిక్కంతా గాలితోనే. పిస్టన్ కిందికి దిగినప్పుడు సిలిండర్ ఎంత పీల్చుకోగలదో అంతే గాలి. మరోవైపు, పెట్రోలు మంటలో పుట్టిన వేడిలో సుమారు మూడో వంతు సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. టర్బో ఈ రెంటినీ కలుపుతుంది. బయటికి పోయే పొగ టర్బైన్ అనే చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న కంప్రెసర్ చక్రం బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. కమ్మరి కొలిమిలో తిత్తి ఊదడానికి వేరే మనిషి ఉండాలి, ఇక్కడ నిప్పు తన తిత్తిని తానే ఊదుకుంటుంది.

ఫలితం ఎంతో చూడాలంటే పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీ చాలు. అక్కడ తయారయ్యే సెల్టోస్‌లో ఒకటిన్నర లీటర్ల పెట్రోలు ఇంజిన్ రెండు రకాలుగా వస్తుంది. టర్బో లేనిదానికి 115 హార్స్‌పవర్, ఉన్నదానికి 160. లాగుడు బలం, అంటే టార్క్, 144 నుంచి 253 న్యూటన్ మీటర్లకు పెరుగుతుంది. ఇంజిన్ సైజు మారలేదు, అందులోకి వెళ్లే గాలి మారింది.

అయితే ఈ రెండు ఇంజిన్ల మధ్య తేడా ఒక్క టర్బో కాదు. పెట్రోలు చిమ్మే పద్ధతి, పిస్టన్లు, కూలింగ్, కంప్యూటర్, గేర్‌బాక్స్ అన్నీ ఆ అదనపు ఒత్తిడికి తగ్గట్టు తయారు చేసినవి. ఇంట్లో టర్బో బిగించేవాడు ఈ జాబితా మొత్తాన్ని తన చేత్తో, తన జేబుతో పూర్తి చేయాలి.

శ్రీహరికోట చూసిన చక్రం

వేడి వాయువుతో చక్రం తిప్పి, అదే ఇరుసు మీద మరో చక్రంతో దేన్నైనా తోయడం అనే సూత్రానికి అత్యంత కఠినమైన పరీక్ష జరిగేది ఈ తీరంలోనే. శ్రీహరికోట 2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వచ్చింది. రాకెట్ ఇంజిన్లలో ఇంధనాన్ని తోసే టర్బో పంపులు గాలికి బదులు ద్రవాన్ని నెడతాయి, అంతే తేడా.

2010 ఏప్రిల్ 15న దేశీయ క్రయోజెనిక్ ఇంజిన్‌తో జీఎస్‌ఎల్‌వీ-డీ3 అక్కడి నుంచి లేచింది. కింది రెండు దశలు సవ్యంగా పనిచేశాయి. పైదశ ఇంజిన్ అంటుకుంది, కానీ ద్రవ హైడ్రోజన్‌ను నెట్టే బూస్టర్ టర్బో పంపు నిమిషానికి 34,800 చుట్ల వేగం అందుకుని, సెకను గడవకముందే నెమ్మదించడం మొదలై, ఆ వెంటనే ఆగిపోయింది. జీశాట్-4 ఉపగ్రహం సముద్రం పాలైంది. సీలు దగ్గర ఇరుసు పట్టేసి ఉండొచ్చు, లేదా టర్బైన్ తొడుగు పగిలి ఉండొచ్చు అని విశ్లేషణ బృందం తేల్చింది. ఆ పంపులో సందులు సవరించి, పరీక్షలు పెంచి ఇస్రో మళ్లీ ప్రయత్నించింది. 2014 జనవరి 5న జీఎస్‌ఎల్‌వీ-డీ5 జీశాట్-14ను కక్ష్యలో పెట్టింది.

కారు టర్బోలో హైడ్రోజన్ చలి ఉండదు కానీ ప్రమాదం ఆ జాతిదే. చిన్న కార్ల టర్బో ఇరుసు నిమిషానికి రెండు లక్షల చుట్లు దాటుతుంది. చాలా టర్బోల్లో ఆ ఇరుసు బాల్ బేరింగుల మీద కాదు, వెంట్రుక మందంలో ఉండే ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఒక పక్క ఎర్రగా కాలే ఇనుము, వేలెడు దూరంలో మరో పక్క అల్యూమినియం చక్రం. మధ్యలో ఆ ఆయిల్ పొర తెగితే క్షణాల్లో ఇరుసు పట్టేస్తుంది.

కంపెనీలే తడబడ్డ చోట

టర్బోకు పేటెంట్ పొందినవాడు స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూచి, 1905లో. ఇరవై ఏళ్లు పట్టింది అది నిజంగా పనికి రావడానికి. 1920ల్లో రెండు జర్మన్ ప్రయాణికుల ఓడల డీజిల్ ఇంజిన్లకు బిగిస్తే ఒక్కోదాని శక్తి 1,750 నుంచి 2,500 హార్స్‌పవర్‌కు పెరిగింది.

మామూలు జనం కొనుక్కునే కార్లలోకి టర్బో వచ్చింది 1962లో, అమెరికాలో. జనరల్ మోటార్స్ వారి ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ మూడున్నర లీటర్ల ఇంజిన్ నుంచి 215 హార్స్‌పవర్ ఇచ్చింది. కంప్రెషన్ నిష్పత్తి 10.25 దగ్గరే ఉంచి పైనుంచి గాలి తోయడంతో నాకింగ్, అంటే సిలిండర్‌లో మిశ్రమం తనంతట తాను పేలే ప్రమాదం ఉండేది. దాన్ని ఆపడానికి డిస్టిల్డ్ వాటర్, మిథనాల్ కలిపిన ద్రవాన్ని ఇంజిన్‌లోకి చిమ్మే ఏర్పాటు పెట్టారు. ఆ ద్రవం తొట్టి నింపడం చాలామంది యజమానులు మరచిపోయారు. ఫిర్యాదులు పెరిగి 1963తో ఆ కారు ముగిసింది. కంపెనీ చివరికి కొందరి కార్ల నుంచి టర్బోను ఉచితంగా తీసేసి మామూలు కార్బురేటర్ బిగించి ఇచ్చింది. ఇంజిన్ చల్లదనం డ్రైవరు జ్ఞాపకశక్తి మీద ఆధారపడితే ఏమవుతుందో పెద్ద కంపెనీకే అలా తెలిసొచ్చింది.

మియాటా గ్యారేజీలు

చవక టర్బోకు అసలైన పుట్టిల్లు మాజ్దా మియాటా. 1989లో వచ్చిన ఈ రెండు సీట్ల ఓపెన్ టాప్ కారుకు 1.6 లీటర్ల ఇంజిన్, 116 హార్స్‌పవర్. బరువు టన్నుకు కాస్త తక్కువ, వెనక చక్రాల డ్రైవ్, గట్టి ఇంజిన్. అందరూ మెచ్చుకుంటూనే ఇంకాస్త శక్తి ఉంటే బాగుండునన్నారు. పాతబడి ధర దిగాక, తుక్కు యార్డుల్లో సాబ్, వోల్వో, మిత్సుబిషి కార్ల నుంచి ఊడదీసిన టర్బోలను తెచ్చి దీనికి బిగించడం ఒక ఉద్యమంలా సాగింది. గ్రాస్‌రూట్స్ మోటార్‌స్పోర్ట్స్ అనే అమెరికన్ పత్రిక, కారు కొన్న ఖరీదుతో కలిపి రెండు వేల డాలర్ల చుట్టూ మాత్రమే ఖర్చుపెట్టిన కార్లకు పోటీయే నిర్వహించింది.

ఈ ఉద్యమాన్ని నిలబెట్టింది టర్బో కాదు, ఒక చిన్న సర్క్యూట్ బోర్డు. బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో అనే ఇద్దరు 2000ల మొదట్లో మెగాస్క్వర్ట్ అనే ఇంజిన్ కంప్యూటర్‌ను విడిభాగాల కిట్‌గా ఇచ్చారు. కొన్నవాళ్లే సోల్డరింగ్ చేసుకుని, ల్యాప్‌టాప్ తగిలించి, ఏ వేగంలో ఏ ఒత్తిడికి ఎంత పెట్రోలు, ఎప్పుడు స్పార్క్ అనేది గడి గడికీ రాసుకోవచ్చు. అంతకుముందు ఇలాంటి కంప్యూటర్ రేసు టీములకే అందే ఖరీదులో ఉండేది.

2004లో మాజ్దాయే టర్బో మియాటా తెచ్చింది. దాని శక్తి 178 హార్స్‌పవర్. టర్బోతో పాటు క్లచ్, గేర్‌బాక్స్, స్ప్రింగులు కూడా బలమైనవి వేసింది.

తుక్కు దుకాణంలో చూడాల్సింది

మన దగ్గర తుక్కులో తేలిగ్గా దొరికేది డీజిల్ కార్ల టర్బో. ఫియట్ రూపొందించిన 1,248 సీసీ డీజిల్ ఇంజిన్ స్విఫ్ట్, ఇండికా విస్టా, పుంటో లాంటి ఎన్నో కార్లలో వచ్చింది కాబట్టి వాటి టర్బోలు యార్డుల్లో బాగానే దొరుకుతాయి. అయితే డీజిల్ పొగ వేడి సాధారణంగా 800 డిగ్రీల లోపే ఉంటుంది, గట్టిగా తోలిన పెట్రోలు ఇంజిన్ పొగ 950 దాకా పోతుంది. డీజిల్ కోసం పోతపోసిన లోహం ఆ వేడికి ఎక్కువ కాలం ఆగదు. లోపల కదిలే రెక్కలున్న వీజీటీ రకమైతే ఇంకా కష్టం. పోర్షే లాంటి సంస్థే అలాంటి టర్బోను పెట్రోలు 911లో పెట్టడానికి 2006 వరకు ఆగింది, అదీ ప్రత్యేక మిశ్రమ లోహాలతో. కాబట్టి పెట్రోలు కారుకు పెట్రోలు టర్బోయే వెతుక్కోవడం మేలు.

కొనేముందు ఇరుసును వేళ్లతో పట్టుకుని కదపాలి. పక్కలకు కొద్దిగా ఆడితే భయం లేదు, ఆయిల్ పొరకు వదిలిన సందు అది. లోపలికీ బయటికీ ఆడితే మాత్రం వదిలేయాలి. రెక్కల అంచులు తొడుగుకు రాసుకున్న గుర్తులున్నా అంతే.

టర్బో తర్వాత, ఇంజిన్ పొగను దానికి చేర్చే మానిఫోల్డ్. మందమైన ఇనుప గొట్టాలతో కట్టిన సాదా మానిఫోల్డ్ చూడ్డానికి బాగుండదు కానీ పలచటి స్టీలు వంపులకన్నా ఎక్కువ కాలం పగలకుండా నిలుస్తుంది. టర్బో బరువంతా దాని మీదే వేలాడకుండా కింద ఒక ఆధారం కట్టాలి.

ఆయిల్ గొట్టాలు రెండు. ఇంజిన్ నుంచి ఒత్తిడితో వచ్చేది సన్నగా ఉన్నా సరే. తిరిగి సంపులోకి, అంటే ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలోకి, పోయేది మాత్రం లావుగా, మెలికలు లేకుండా, నేరుగా కిందికి వాలి, సంపులో ఆయిల్ మట్టానికి పైన కలవాలి. అక్కడ ఒత్తిడి ఉండదు, ఆయిల్ తన బరువుతోనే జారాలి. ఈ గొట్టం సరిగా లేకపోతే ఆయిల్ టర్బోలో నిలిచి సీళ్లు దాటి నీలం పొగ అవుతుంది. టర్బో పోయిందనుకుని దాన్ని మార్చేస్తారు, కొత్తదీ అలాగే పొగ కక్కుతుంది. ఎర్రగా కాలే మానిఫోల్డ్ మీద ఆయిల్ కారితే మంట లేస్తుంది. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌ను బడ్జెట్‌లో మొదటి వరుసలోనే రాసుకోవాలి.

నెల్లూరు ఎండ లెక్క

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టినవాళ్లకు తెలిసిందే. వేడెక్కిన గాలి పలచబడుతుంది. ఇక్కడే కోస్తా ఎండ టర్బో లాభంలో తన వాటా తీసుకుంటుంది.

మే నెలలో నెల్లూరులో 40 డిగ్రీలు మామూలు. ఆ గాలిని సగం వాతావరణ పీడనం మేర, అంటే 0.5 బార్, అదనంగా నొక్కామనుకుందాం. 70 శాతం సామర్థ్యమున్న టర్బో నుంచి ఆ గాలి సుమారు 95 డిగ్రీల వేడితో బయటపడుతుంది. కాగితం మీద గాలి 50 శాతం పెరగాలి, కానీ ఆ వేడికి పలచబడి అసలు పెరిగేది 28 శాతమే. మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టి 55 డిగ్రీలకు దించగలిగితే 43 శాతం దాకా దక్కుతుంది. టర్బో తెచ్చిన లాభంలో మూడో వంతును కాపాడేది ఆ అల్యూమినియం జాలీయే. 15 డిగ్రీల చలిదేశంలో అదే టర్బో గాలిని 66 డిగ్రీల దగ్గరే వదులుతుంది. విదేశీ గ్యారేజీల్లో కుదిరిన కొలతలు ఇక్కడికి యథాతథంగా సరిపోకపోవడానికి ఇదొక కారణం.

ఇంటర్‌కూలర్‌ను బంపర్ వెనక, ముందు గాలికి ఎదురుగా పెట్టాలి. అది రేడియేటర్‌కు అడ్డొస్తుంది కాబట్టి ఫ్యాన్ బలం పెంచుకోవాలి. మైపాడు, కొత్తకోడూరు బీచ్‌ల వైపు తిరిగే బండికి ఉప్పుగాలి, ఇసుక అదనం. అల్యూమినియం రెక్కలను మంచినీళ్లతో కడుగుతూ ఉండాలి. రేసు బండిలా కనబడాలని ఫిల్టర్ తీసేసి ఇసుకదారిలో తోలితే కంప్రెసర్ రెక్కల అంచులు అరిగిపోతాయి.

వేడిగాలి వల్ల శక్తి తగ్గడం చిన్న నష్టం. పెద్దది నాకింగ్. స్పార్క్ అందించిన మంట చేరకముందే సిలిండర్ మూలల్లో మిశ్రమం తనంతట తాను పేలడమే నాకింగ్. మెకానిక్కు గులకరాళ్లు డబ్బాలో ఊపినట్టు వినిపించేలోపే పిస్టన్ అంచు విరిగి ఉండొచ్చు, హెడ్ ప్యాకింగ్ పోయి ఉండొచ్చు. దీన్ని ఆపే ముఖ్యమైన మార్గాలు మూడు: చల్లటి గాలి, చాలినంత పెట్రోలు, ఆలస్యంగా స్పార్క్.

చాలినంత అంటే ఎంతో లెక్క కట్టొచ్చు. నూరు హార్స్‌పవర్ నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ను 140కి తేవాలనుకుంటే, టర్బో ఇంజిన్ హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 270 గ్రాముల పెట్రోలు తాగుతుంది కాబట్టి, మొత్తం గంటకు 50 లీటర్ల చొప్పున చిమ్మాలి. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లను 80 శాతం సమయానికి మించి తెరిచి ఉంచకూడదు. అంటే ఒక్కోటి నిమిషానికి సుమారు 260 మిల్లీలీటర్లు చిమ్మగలగాలి. పాత ఇంజెక్టర్లు అంత ఇవ్వలేకపోతే మార్చాలి, పెట్రోలు పంపు కూడా చూసుకోవాలి. పాత కార్ల గాలి పీడనం సెన్సార్ చాలావాటిలో వాతావరణ పీడనం దాకానే కొలుస్తుంది. అంతకు మించి గాలి వస్తున్నట్టు కంప్యూటర్‌కు తెలియదు, పెట్రోలు పెంచదు. అందుకే వేరే కంప్యూటర్, మిశ్రమం ఎలా ఉందో చూపే వైడ్‌బ్యాండ్ మీటర్ తప్పనిసరి ఖర్చులు.

ఇక్కడ మన బంకుల్లో వచ్చిన మార్పు కొంత మేలు, కొంత చిక్కు. ఇప్పుడు దేశమంతా దొరికే ఈ20 పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంది. దాని ఆక్టేన్ 95, మునుపటి మామూలు పెట్రోలుది 91. ఇథనాల్ ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది కూడా. ఈ రెండూ నాకింగ్‌కు విరుగుడే. కానీ ఇథనాల్‌కు మండడానికి గాలి తక్కువ చాలు, అంటే అదే గాలికి పెట్రోలు మరింత చిమ్మాలి. పాత కార్ల రబ్బరు గొట్టాలు, సీళ్లు దాన్ని తట్టుకునేలా చేసినవి కావు, ముందే మార్చాలి.

రోడ్డా, ట్రాకా

ఇంత చేసి బండిని రోడ్డెక్కిస్తే చట్టం ఆపుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన స్వరూపాన్ని, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు దీన్ని మరింత గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ప్రతి మార్పుకు యజమానికి ఐదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే వీలుంది. ప్రమాదం జరిగితే బీమా సంస్థ చేతులెత్తేయడానికి అదొక్క కారణం చాలు.

ట్రాక్ సంగతి వేరు. నెల్లూరు నుంచి చెన్నై దారిలో, నగరం చేరకముందే షోలవరం వస్తుంది. అక్కడి రెండో ప్రపంచయుద్ధ కాలపు విమానాల రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు పందేలు నడిపింది. ఫియట్లు, హెరాల్డ్‌లు, అంబాసిడర్లకు స్థానిక వర్క్‌షాపుల్లోనే కొత్త ఊపిరి పోసి తెచ్చేవారు. 1990లో ఆ క్లబ్ ఇరుంగట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల సొంత ట్రాక్ తెరిచింది. కోయంబత్తూరు మిల్లు కుటుంబానికి చెందిన ఎస్.కరివర్ధన్ 1980ల చివర్లో మారుతి 800 ఇంజిన్‌తో ఫార్ములా మారుతి రేసు కారు కట్టి, తక్కువ డబ్బుతో రేసింగ్ నేర్చుకునే దారి వేశాడు. మన దేశం నుంచి తొలి ఫార్ములా వన్ డ్రైవరైన నారాయణ్ కార్తికేయన్ తొలి అడుగులు వేసింది ఆ కార్లలోనే. అందులో టర్బో లేదు, 796 సీసీల ఇంజిన్, తేలికైన ఒళ్లు మాత్రమే.

ఇంజినీరింగ్ విద్యార్థులకు మరో తలుపు ఉంది. తామే కట్టిన కార్లతో వాళ్లు దిగే ఫార్ములా భారత్ పోటీల్లో ఇంజిన్ 710 సీసీ దాటకూడదు, గాలంతా 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే లోపలికి రావాలి. టర్బోకు అనుమతి ఉంది, ఆ రంధ్రం మాత్రం కంప్రెసర్‌కు ముందే ఉండాలి. పెట్రోలు, వేడి, ఆయిల్ లెక్కలు నిజంగా నేర్చుకోవాలనుకునేవాళ్లకు తుక్కు టర్బోతో రోడ్డు మీద ప్రయోగాలకన్నా ఇది భద్రమైన బడి.

అయినా చేయాలనుకునేవారు ట్రాక్‌కు ట్రైలర్ మీద తీసుకెళ్లే పాత కారునే ఎంచుకోవాలి. డబ్బు పెట్టే వరుస మార్చుకోవాలి. మొదట ఇంజిన్ కంప్రెషన్ పరీక్ష, బ్రేకులు, కూలింగ్. తర్వాత కంప్యూటర్, ఇంజెక్టర్లు, వైడ్‌బ్యాండ్ మీటర్. ఆపైన ఇంటర్‌కూలర్, ఆయిల్ గొట్టాలు. టర్బో అన్నిటికన్నా చివర. అదనపు పొగను పక్కకు వదిలే వేస్ట్‌గేట్ స్ప్రింగుతో ఒత్తిడిని 0.4 బార్ దగ్గర కట్టేసి, మీటర్ చూస్తూ నెలల తరబడి నడిపాకే పెంచడం గురించి ఆలోచించాలి. గట్టిగా తోలాక ఇంజిన్‌ను వెంటనే కట్టేయకుండా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచాలి, లేకపోతే ఇరుసు చుట్టూ నిలిచిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. ఈ చివరి జాగ్రత్త కంపెనీ టర్బో ఉన్న డీజిల్, పెట్రోలు కార్ల యజమానులందరికీ వర్తిస్తుంది. ఇక రోజూ రోడ్డు మీద టర్బో లాగుడు కావాలనుకునేవారికి కంపెనీ బిగించిన టర్బో ఉన్న సెకండ్ హ్యాండ్ కారే చవక. ఇంటర్‌కూలర్, కంప్యూటర్, గట్టి పిస్టన్లు, చట్టబద్ధమైన ఆర్సీ అన్నీ ఆ ధరలోనే వస్తాయి.